దాచిపెట్టిన తుపాకులు: చరిత్రలోని వింత ఆయుధాలు ఎంతవరకు అక్కరకు వచ్చాయి?

బందరు రోడ్డు బాటసారి (విజయవాడ):

సభ్యులందరికీ నమస్కారం. గత ఆదివారం మా అక్కయ్య కొడుకును వెంటబెట్టుకొని బాపు మ్యూజియానికి వెళ్లాను. పాత కత్తులూ డాళ్లూ ఉన్న చోట వాడు చాలాసేపు నిలబడిపోయి, “మామయ్యా, ఇంత పెద్ద కత్తి నడుముకు కట్టుకొని వస్తుంటే ఎదుటివాడు ముందే జాగ్రత్తపడడా? దాచుకొనే ఆయుధాలు ఉండేవి కావా?” అని అడిగాడు. మా తాతగారి గుప్తి కర్ర ఇప్పటికీ మా ఇంటి అటక మీద ఉంది కాబట్టి కర్రలో కత్తి సంగతి చెప్పగలిగాను. అయితే కర్రలో తుపాకీ, చేతి తొడుగులో తుపాకీ, లిప్‌స్టిక్‌లో తుపాకీ అంటూ పుస్తకాల్లో బొమ్మలతో సహా కనబడేవి నిజంగా పనిచేసేవా అని వాడు మళ్లీ అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. వాటిని ఎలా తయారుచేశారన్నది నాకు అవసరం లేదు. పట్టుకున్నవాడికి అవి అక్కరకు వచ్చాయా, రాకపోతే ఏ లోపం వల్ల రాలేదు అన్నదే తెలుసుకోవాలని ఉంది.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు):

మీ మేనల్లుడు డాళ్ల ముందు నిలబడ్డాడన్నారు కాబట్టి డాలు దగ్గరే మొదలుపెడతాను. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీకి 1544లో ఇటలీలోని రవెన్నాకు చెందిన జొవాన్‌బత్తిస్తా అనే చిత్రకారుడు, నడుమ తుపాకీ గొట్టం అమర్చిన గుండ్రని డాళ్లను చేసి ఇస్తానని ప్రతిపాదించాడు. రాజు మరణించిన 1547లో లండన్ టవర్‌లోని ఆయుధాల పట్టిక రాసినప్పుడు అటువంటివి 35 లెక్కకు వచ్చాయి. 1545లో మునిగిపోయిన మేరీ రోజ్ యుద్ధనౌక శిథిలాల్లో కూడా వాటి ముక్కలు దొరికాయి. డాలు వెనుక నిలబడి, గొట్టానికి పైనున్న చిన్న జాలీలోంచి చూస్తూ కాల్చాలి. అది వత్తి తుపాకుల కాలం కాబట్టి, రగులుతున్న నిప్పు వత్తి, మందు ఉంచిన పళ్లెం, సైనికుడి ముఖం మూడూ జానెడు దూరంలో ఉండేవి. ఒక్కసారి పేలిన తరువాత అది మామూలు డాలుకన్నా బరువైన డాలుగా మిగిలిపోయేది.

మన దేశంలోనూ ఈ తరహా పనితనం తక్కువేమీ కాదు. 18, 19 శతాబ్దాల నాటి కటార్లలో కొన్నింటికి అలుగుకు ఇరువైపులా చిన్న పిస్తోలు గొట్టాలు అమర్చి ఉంటాయి. కటారిని పిడికిలి బిగించి పొడుస్తాం గనుక, ఆ పిడికిలి బిగింపుతోనే తుపాకీ కూడా పేలేటట్లు కొన్నింటిని కూర్చారు. బంగారు మలామా, పూలతీగల చెక్కడం చూస్తే కళ్లు తిప్పుకోలేము. కాని పొడవడానికి పట్టిన పట్టు గురి చూడడానికి పనికిరాదు. మోచెయ్యి నుంచి అలుగు కొన దాకా ఒకే గీతలో ఉండే ఆయుధాన్ని కంటి ఎత్తుకు లేపి గురిపెట్టడం సాధ్యం కాదు. అవి దర్బారులో కానుకగా ఇచ్చిపుచ్చుకోవడానికి తగినవే గాని యుద్ధానికి తగినవి కావని నా అభిప్రాయం.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. 1865 ఏప్రిల్ 14న వాషింగ్టన్‌లోని ఫోర్డ్ థియేటర్‌లో జాన్ విల్క్స్ బూత్ అధ్యక్షుడు లింకన్‌ను కాల్చింది అరచేతిలో ఇమిడే డెరింజర్ పిస్తోలుతోనే. దాచుకొనే తుపాకీ పని నెరవేర్చిన సందర్భం అది.

ఆటోనగర్ లేత్ (విజయవాడ):

మాస్టారు గారికి నమస్కారం. నేను చరిత్ర చదివినవాణ్ని కాదు, ముప్పై ఏళ్లుగా ఇనుముతో పనిచేస్తున్నవాణ్ని. ఈ వింత తుపాకుల బొమ్మలు చూసినప్పుడల్లా నాకు ముందుగా కనబడేది అందులో ఏముందన్నది కాదు, అందులోంచి ఏమేమి తీసేశారన్నది.

తుపాకీ గొట్టానికి పొడవు ఎందుకంటే, మందు మండినప్పుడు పుట్టే వాయువు గుండును వెనుక నుంచి నెట్టుతూ పోవడానికి దానికి కొంత దారి కావాలి. జేబులో పట్టడం కోసం ఆ దారిని కత్తిరించేస్తే, సగం బలం గుండు బయటపడిన తరువాత గాలిలోనే మంటగా, పెద్ద చప్పుడుగా పోతుంది. చప్పుడు ఎక్కువ, దెబ్బ తక్కువ. గొట్టం లోపలి మెలికల గాడులు గుండును తిప్పుతూ పంపుతాయి కాబట్టి అది తిన్నగా పోతుంది. గొట్టమే లేనిచోట గాడులెక్కడివి?

పారిస్ రౌడీ ముఠాల పేరుతో ప్రసిద్ధమైన అపాష్ రివాల్వర్‌నే చూడండి. బెల్జియంలోని లియేజ్‌కు చెందిన లూయీ డోల్న్ పనితనం అది. పిడి స్థానంలో వేళ్లకు తొడుక్కొనే ఇనుప కట్టు, ముందు మడత కత్తి, నడుమ తూటాలు తిరిగే చక్రం ఉంటాయి. ఒకే వస్తువులో మూడు ఆయుధాలు అన్నమాట వినడానికి బాగానే ఉంటుంది. కాని దానికి గొట్టం లేదు, గురి చూసే ముక్క లేదు, ట్రిగ్గర్ చుట్టూ రక్షణ కట్టు లేదు. అందులో వాడిన తూటాలు పక్కకు పొడుచుకు వచ్చిన చిన్న మేకు మీద దెబ్బ పడితే పేలే రకం. అటువంటి దాన్ని జేబులో వేసుకొని నడిచేవాడు తన తొడకు తానే గురిపెట్టుకొని నడిచినట్లు. ఆ కారణంగానే సుత్తి కిందికి వచ్చే గదిని ఖాళీగా ఉంచుకోవలసి వచ్చేది, అంటే ఒక తూటా తగ్గినట్లే. ఉన్నవి అయిపోయిన తరువాత మళ్లీ నింపాలంటే చక్రాన్ని ఊడదీయాలి. కొట్లాట మధ్యలో ఎవరు నిలబడి ఊడదీస్తారు?

న్యూయార్క్ రాష్ట్రంలోని కాట్‌స్కిల్‌లో జేమ్స్ రీడ్ 1865లో పేటెంట్ తీసుకున్న ‘మై ఫ్రెండ్’ అనే పిడిగుద్దు రివాల్వర్‌దీ ఇదే కథ. కాకపోతే దాని కట్టుబడి గట్టిది, గుద్దడానికి నిజంగా పనికివస్తుంది. తుపాకీగా దాని విలువ ఎంతో చెప్పలేను గాని ఇనుప ముద్దగా నేను మార్కులు వేస్తాను.

మిర్చి యార్డు గుమాస్తా (గుంటూరు):

ఫ్రాన్సులో షార్ల్ ఫ్రాన్స్వా గలాన్ 1890లలో ‘వెలోడాగ్’ అనే చిన్న రివాల్వర్‌ను తెచ్చాడని చదివాను. సైకిళ్లు కొత్తగా వచ్చిన రోజులు అవి. తొక్కేవారి వెంట కుక్కలు పడుతుంటే బెదిరించడానికని దాన్ని అమ్మారు. జేబులోంచి తీసేటప్పుడు తగులుకోకుండా ట్రిగ్గర్ మడిచిపెట్టుకొనేలా ఉండేది. కుక్కను చంపడం ఇష్టం లేనివారి కోసం సీసపు గుండుకు బదులు మిరప్పొడి నింపిన తూటాలు కూడా దొరికేవి.

మిరప్పొడి సంగతి నాకు తెలుసు కాబట్టి ఈ ఒక్కదాని మీద మాత్రం గట్టిగా చెబుతాను. మార్చి నెలలో యార్డులో మిర్చి టిక్కీలు (బస్తాలు) దించేటప్పుడు గాలి ఎటు వీస్తుందో చూసుకొని నిలబడకపోతే ఘాటు మన ముక్కులోకే వస్తుంది. సైకిలు మీద ముందుకు పోతూ వెనుక వచ్చే కుక్క వైపు తిరిగి కాల్చేవాడికి ఫరవాలేదనుకుందాం. అదే కుక్క ఎదురుగా వస్తే, ఆ పొడిలోకి తొక్కుకుంటూ పోయేది తానే. ఒక చేత్తో హ్యాండిల్, మరో చేత్తో రివాల్వర్, రాళ్ల బాట. కుక్కకన్నా ముందు పడిపోయేది మనిషే అని నాకనిపిస్తుంది.

పటమట గ్రంథాలయం (విజయవాడ):

ఆటోనగర్ అన్నగారు చెప్పిన లెక్కలో తప్పు లేదు గాని, ఇన్ని లోపాలు ఉన్నవాటిని జనం ఎందుకు కొన్నారన్నది కూడా ఆలోచించాలి. 1880లలో ఫ్రాన్సులో జాక్ టుర్బియో పేటెంట్ తీసుకున్న ‘ప్రొటెక్టర్’ అనే అరచేతి పిస్తోలు గుండ్రని డబ్బీలా ఉంటుంది. పిడికిట్లో పట్టుకొని, వేళ్ల సందులోంచి పొట్టి గొట్టాన్ని బయటికి పెట్టి, గుప్పిట బిగిస్తే పేలుతుంది. 1893 నాటి చికాగో ప్రపంచ ప్రదర్శనకు దేశవిదేశాల నుంచి జనం వస్తారు, దొంగల భయం ఉంటుంది గనుక వేలకొద్దీ అమ్ముకోవచ్చని అక్కడి చికాగో ఫైర్‌ఆర్మ్స్ కంపెనీ ఆశపడింది. తయారీ ఒప్పుకున్న మినియాపొలిస్ కంపెనీ సమయానికి అన్ని ఇవ్వలేకపోవడంతో వ్యవహారం కోర్టుకెక్కింది. వారు అమ్మదలచింది తుపాకీ కన్నా ముందు ధైర్యం. జర్మనీలోని న్యూరెంబర్గ్‌కు చెందిన ఆస్కర్ ఫ్రాంకెనౌ 1877లో చిల్లర డబ్బుల పర్సులో అతి చిన్న రివాల్వర్‌ను ఇమిడ్చాడు. దోచుకొనేవాడు ‘పర్సు ఇవ్వు’ అన్నప్పుడు తీసి చూపేది అదే కదా అన్నది ఆయన ఊహ. మనసు ఊరడించడమే వాటి పని అయితే, అవి ఆ పని చేసినట్లే కదా?

మాస్టారు గారి బూత్ ఉదాహరణ మీద ఒక చిన్న అభ్యంతరం. ఆ రాత్రి లింకన్ కూర్చున్న బాక్సు తలుపు దగ్గర ఉండవలసిన పోలీసు అక్కడ లేడు. బూత్ వెనుక నుంచి దాదాపు ఆనించి కాల్చాడు. అతని దగ్గరున్నది ముందు నుంచి మందు దట్టించే ఒక్క తూటా పిస్తోలు కావడంతో, పక్కనే ఉన్న మేజర్ రాత్‌బోన్ మీదపడగానే దాన్ని పారవేసి కత్తి దూయవలసి వచ్చింది. బూత్ ఆ తుపాకీని నమ్ముకొని ఉంటే కత్తి వెంట తెచ్చుకొనేవాడు కాదు.

బ్రాడీపేట మాస్టారు:

అమ్మా, మీ అభ్యంతరం న్యాయమైనది. కత్తి సంగతి తెలిసి కూడా నేను దాని అర్థం వరకు పోలేదు. అంగీకరిస్తున్నాను.

పోతే, ధైర్యం అమ్మారన్న మాట దగ్గర నేను మీతో ఏకీభవించలేను. పని చేయదని తెలియని ఆయుధం ఇచ్చే ధైర్యం మనిషిని తప్పించుకు పోవలసిన చోట ఎదురు నిలబడేలా చేస్తుంది. అరచేతి పిస్తోలుకు గురి లేదు. చెయ్యి వణికితే గుప్పిట దానంతటదే బిగుస్తుంది, భయపడ్డ మనిషి గుప్పిట ముందుగా బిగుస్తుంది. నా దృష్టిలో అది ఊరడింపు కాదు, ప్రమాదం.

బందరు రోడ్డు బాటసారి:

మాస్టారూ, గొడుగు తుపాకీ నిజమేనా? లండన్‌లో ఒక రచయితను గొడుగుతో చంపారని చిన్నప్పుడు పత్రికల్లో చదివిన గుర్తు.

బ్రాడీపేట మాస్టారు:

మీరు అడుగుతున్నది బల్గేరియా నుంచి వెళ్లిపోయి లండన్‌లో ఉంటున్న రచయిత గియోర్గీ మార్కోవ్ సంగతి. 1978 సెప్టెంబరు 7న వాటర్లూ వంతెన దగ్గర బస్సు కోసం నిలబడి ఉండగా ఆయన తొడలో చురుక్కుమంది. వెనక్కి తిరిగి చూస్తే ఒక మనిషి కిందపడిన గొడుగును తీసుకుంటూ కనిపించాడు. సెప్టెంబరు 11న ఆయన మరణించారు. శరీరంలో గుండుసూది తలంత లోహపు గుళిక దొరికింది, అందులో రైసిన్ అనే విషం ఉందని తేల్చారు. కాని ఆ గొడుగు ఎన్నడూ దొరకలేదు. గొడుగులోంచే కాల్చారన్నది ఆ చూపు నుంచి పుట్టిన ఊహ. దానికి కొద్దిరోజుల ముందు పారిస్‌లో వ్లాదిమిర్ కోస్తోవ్ అనే మరో బల్గేరియన్ మీద అటువంటి గుళికనే ప్రయోగించారు, ఆయన బతికి బయటపడ్డారు. ఒకే రకం ప్రయోగం ఒకచోట ప్రాణం తీసి మరోచోట విఫలమైంది.

ఈ గూఢచారి పరికరాల విషయంలో నన్ను బాగా ఆలోచింపజేసేది 1954 నాటి నికొలాయ్ ఖోఖ్లోవ్ ఉదంతం. సిగరెట్ పెట్టెలో దాచిన నిశ్శబ్ద తుపాకీతో ఫ్రాంక్‌ఫర్ట్‌లో గియోర్గీ ఒకొలోవిచ్ అనే ప్రవాస నాయకుణ్ని చంపించమని సోవియట్ గూఢచారి సంస్థ ఆయనను పంపింది. ఆయన ఒకొలోవిచ్ ఇంటి తలుపు తట్టి, మిమ్మల్ని చంపాలని నన్ను పంపారు, నేను ఆ పని చేయదలచుకోలేదు అని చెప్పి, తరువాత ఆ పెట్టెను పత్రికలవారి ముందు ఉంచాడు. ఆ పరికరంలో సాంకేతిక లోపమేమీ కనబడదు. లిప్‌స్టిక్ పిస్తోలు కూడా ఈ కోవకు చెందినదే. అందులో 4.5 మిల్లీమీటర్ల ఒక్క తూటా పడుతుంది, వాషింగ్టన్‌లోని గూఢచర్య మ్యూజియంలో దాన్ని చూడవచ్చు.

ఆటోనగర్ లేత్:

ఒక్క తూటా అన్నారు కాబట్టి లిబరేటర్ గురించి చెప్పకుండా ఉండలేను. నేను ఈ వేదికలో చేరడానికి కారణమే ఆ తుపాకీ.

1942లో అమెరికాలో జనరల్ మోటార్స్‌వారి గైడ్ ల్యాంప్ విభాగం, అంటే కార్ల హెడ్‌లైట్లు చేసే కర్మాగారం, ఇండియానా రాష్ట్రంలోని ఆండర్సన్‌లో దాన్ని చేసింది. శత్రువు ఆక్రమించిన దేశాల్లో ప్రజలకు రహస్యంగా పంచాలన్నది ఉద్దేశం. రహస్యం కోసం కాగితాల మీద దాన్ని సంకేతపు మెరుపులు వదిలే పరికరమని రాశారు. దాదాపు 300 మంది కార్మికులు 11 వారాల్లో సుమారు 10 లక్షలు చేశారు. ఒక్కోదాని ఖర్చు 2 డాలర్ల 10 సెంట్లు. నేను కాగితం మీద లెక్క వేశాను. 11 వారాలంటే 77 రోజులు, రాత్రింబగళ్లు ఆపకుండా పనిచేశారనుకున్నా దాదాపు 66 లక్షల 50 వేల సెకన్లు. అంటే ఆరున్నర సెకన్లకు ఒక తుపాకీ. రేకు ప్రెస్ పని తెలిసినవాడిగా ఆ సంఖ్య చూసి నేను చెయ్యెత్తి నమస్కరించాను.

ఇక వాడకానికి వస్తే, పేలిన తూటా గుల్లను బయటికి తీసే ఏర్పాటు అందులో లేదు. ఒక చెక్క పుల్లతో ముందు నుంచి పొడిచి బయటికి తోయాలి, తరువాత మరో తూటా పెట్టుకోవాలి. చెయ్యడానికి పట్టిన సమయం కన్నా నింపడానికి పట్టే సమయం ఎక్కువ అన్న తుపాకీ లోకంలో ఇదొక్కటే అయి ఉంటుంది. గొట్టం లోపల గాడులు లేవు కాబట్టి కొన్ని గజాలు దాటితే నమ్మకం లేదు. పెట్టెలో 10 తూటాలు, అక్షరం ముక్క లేకుండా బొమ్మలతోనే వాడకం చెప్పే కాగితం పెట్టారు. ఏ భాషవాడికైనా అర్థం కావాలన్న ఆ ఆలోచన మాత్రం గొప్పది. ఒంటరిగా దొరికిన శత్రు సైనికుణ్ని దీనితో పడగొట్టి, అతని మంచి తుపాకీ తీసుకొని దీన్ని పారవేయాలి. కాని యూరప్‌లో అనుకున్న మేరకు పంచనే లేదు, యుద్ధం తరువాత ఎక్కువ భాగం కరిగించేశారు.

బ్రాడీపేట మాస్టారు:

తుపాకీ సంపాదించడానికి తుపాకీ అన్న మీ వివరణ చదువుతుంటే నాకు మన మన్యమే గుర్తుకు వచ్చింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడిచేసి తుపాకులను, తూటాలను తీసుకుపోయింది. అదే అవసరం, కాని పద్ధతి పూర్తిగా వేరు. ఏమేమి తీసుకున్నదీ స్టేషను రికార్డుల్లోనే రాసి సంతకం పెట్టి వెళ్లారు. ఆ తరువాత దాడులకు ముందుగా మిరపకాయ టపా పంపిన సంగతి గుంటూరువారికి నేను చెప్పనక్కరలేదు. దాచుకున్నది ఆయుధాన్ని కాదు, అడవిలో దారిని. ఇంటికొక ఒంటి తూటా పిస్తోలు పంచితే మన్యంలో జరిగినది జరిగి ఉండేదని నేననుకోను.

మాచవరం డౌన్ (విజయవాడ):

చాలాకాలంగా చదువుతున్నాను గాని రాయడం ఇదే మొదటిసారి. దాచే తుపాకులన్నీ పనికిరానివన్న నిర్ధారణకు వచ్చేముందు బ్రిటిష్‌వారి వెల్‌రాడ్‌ను కూడా చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో వెల్విన్ దగ్గరి రహస్య పరిశోధన కేంద్రంలో అది పుట్టింది. పిడిని విడదీస్తే సైకిలు పంపులా కనిపించే గొట్టం మిగులుతుంది. ప్రతిసారీ చేత్తో తిప్పి లాగితేగాని రెండో తూటా రాదు. శబ్దాన్ని అణచే రబ్బరు బిళ్లలు కొన్ని తూటాలకే అరిగిపోతాయి. ఈ లోపాలన్నీ చేసినవారికి ముందే తెలుసు, నిశ్శబ్దం ఒక్కటి దక్కితే చాలునని మిగిలినవి వదులుకున్నారు.

దానికి పూర్తి విరుద్ధమైనది అదే యుద్ధంలో అమెరికా నౌకాదళం కోసం సెడ్జ్‌లీ కంపెనీ చేసిన చేతి తొడుగు తుపాకీ. తోలు తొడుగు వెనుక ఇనుప పలక, దాని మీద .38 తూటా ఒకటి. పిడిగుద్దు గుద్దినప్పుడు ముందుకు పొడుచుకు వచ్చిన కడ్డీ ఎదుటివాడికి తగిలి లోపలికి పోతే పేలుతుంది. అంటే గుద్దగలిగినంత దగ్గరకు పోవాలి. తుపాకీ కనిపెట్టిందే దూరం నుంచి కొట్టడానికి అయితే, ఈ తొడుగు ఆ దూరాన్నే తీసేసింది. పైగా అంత బరువైన తొడుగు వేసుకున్న చేత్తో తలుపు గడియ తీయాలన్నా, ఎదురుపడినవాడికి నమస్కారం పెట్టాలన్నా ముందు బయటపడేది ఆ తొడుగే.

పటమట గ్రంథాలయం:

మాచవరం వారు చెప్పినది చదివాక నా వాదనను కొంత సవరించుకుంటున్నాను. దాచడం వేరు, వేషం వేయించడం వేరు. 1901 సెప్టెంబరు 6న బఫెలో నగరంలో అధ్యక్షుడు మెకిన్లీని కాల్చిన లియోన్ చొల్‌గోష్ చేతిలో ఉన్నది అంగట్లో దొరికే మామూలు .32 రివాల్వర్. దాన్ని చేతిరుమాలుతో కప్పి, చేతికి కట్టు కట్టుకున్నవాడిలా వరుసలో నిలబడ్డాడు. ఉక్కగా ఉన్న రోజు కావడంతో చాలామంది చేతుల్లో రుమాళ్లు ఉన్నాయి, కాపలావారికి అనుమానం రాలేదు. 1914లో సారాయెవోలో ఆస్ట్రియా యువరాజును కాల్చిన గావ్రిలో ప్రిన్సిప్ వాడినది కూడా బెల్జియంలో తయారైన బ్రౌనింగ్ 1910 నమూనా పిస్తోలు. అందులో వేషమేమీ లేదు, అది కోటు జేబులో పట్టే తుపాకీ, అంతే. 1906 నాటికే బ్రౌనింగ్ నమూనా జేబు పిస్తోలు దాదాపు 11 సెంటీమీటర్ల పొడవులో ఆరు తూటాలతో వచ్చేసింది. గొట్టం, గురి, భద్రతా ఏర్పాటు అన్నీ ఉన్నది జేబులోనే పడుతున్నప్పుడు గొట్టం లేని అపాష్‌ను, గుప్పిట బిగిస్తే పేలే డబ్బీని కొనవలసిన అవసరం ఎవరికి ఉంటుంది? ఆ వింత ఆయుధాల కాలాన్ని చట్టం ముగించక ముందే ఈ పిస్తోళ్లు ముగించాయని నేననుకుంటున్నాను.

అరండల్‌పేట న్యాయవాది (గుంటూరు):

చట్టం ప్రస్తావన వచ్చింది కాబట్టి రెండు మాటలు. అమెరికాలో 1934 నాటి జాతీయ చట్టం పెన్ను తుపాకులను, కర్ర తుపాకులను ప్రత్యేక తరగతిగా పెట్టి నమోదు తప్పనిసరి చేసింది. బ్రిటన్‌లో మరో వస్తువు రూపంలో ఉన్న తుపాకీ నిషిద్ధ ఆయుధం. మన 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఏ రూపంలో ఉన్నా తుపాకీకి లైసెన్సు కావలసిందే. మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనిచేయలేని పాతకాలపు వస్తువులకు మాత్రం 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది.

బాటసారి గారికి ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటుంది. గుప్తి కర్రలను నిబంధనలు ఖడ్గాలతో పాటే పేర్కొంటాయి. మీ ప్రాంతానికి లైసెన్సు నిబంధన వర్తించే ప్రకటన అమలులో ఉందో లేదో కనుక్కొనేవరకు దాన్ని అటక మీదే ఉంచండి. మేనల్లుడికి చూపడానికైనా బయటికి పట్టుకుపోవద్దు.

బందరు రోడ్డు బాటసారి:

న్యాయవాది గారికి కృతజ్ఞతలు, రేపు పోలీసు స్టేషనుకు వెళ్లి అడుగుతాను. మీ మాట చదివిన తరువాత నిన్న రాత్రి కర్రను అటక మీద నుంచి దించి చూశాను. తాతగారు ముప్పై ఏళ్లు దాన్ని పట్టుకొని ఏలూరు కాలువ గట్టు మీద నడిచారు. కత్తి ఒరలోనే తుప్పుపట్టి బిగుసుకుపోయింది. నేనూ మా తమ్ముడూ చెరొక కొస పట్టుకొని లాగినా అంగుళం కూడా కదలలేదు. మా అమ్మను అడిగితే, తాతగారి బతుకంతటిలో దాన్ని దూయగా తాను చూడలేదని, వానాకాలం కర్ర తడిసి లోపలి ఇనుము ఉబ్బిందని నానమ్మ ఎప్పుడో అన్నదని చెప్పింది. మేనల్లుడికి ఈ చర్చంతా చదివి వినిపించాను. వాడు అన్నీ విని, ఆరున్నర సెకన్లకు ఒక తుపాకీ ఎలా చేశారో ఆటోనగర్ మామయ్యగారిని అడిగి చెప్పమన్నాడు. కర్ర గురించి మాత్రం మళ్లీ అడగలేదు.